ఏడు మీటర్ల వైరం

ఆ ఊళ్ళో పక్కపాయ చిక్కిపోయిందని అందరికీ తెలుసు. ఎందుకు చిక్కిందో కూడా తెలుసు. వానలు తగ్గి కాదు, ఎగువన ఎవరో నీళ్ళు ఆపుకుని కాదు. నదుల ఆఫీసులో మెట్ల కింద గదిలో కూర్చునే ఒక ఆడమనిషి దాన్ని చిక్కించింది. ఆమె కలం పట్టిన ఏడాదే పాయ ఏడు మీటర్లు తగ్గింది, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని పడవల రేవులో ఎవరినడిగినా అంటారు. ఆ రేవులో న్యాయం ఎప్పుడూ అంతే, ముందు శిక్ష, తరవాత విచారణ.

ఆమెను ఊరంతా కొలతలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నదే. ఏడాదికోసారి, నీళ్ళు బాగా అడుగంటిన వారంలో, నది మీదా దాని పాయల మీదా పదకొండు చోట్ల వెడల్పు కొలవాలి. ప్రతి చోటా రెండు ఒడ్డుల మీదా ఒక్కో రాతిగుర్తు ఉంటుంది. ఆ రెండు రాళ్ళ వరసలో, నీటి అంచు నుంచి నీటి అంచుకు ఎంతుందో చూసి పుస్తకంలో ఎక్కించాలి. ఆ ఏడు అక్కడ ఎలాంటి పడవలు తిరిగాయో, ఎంత సరుకు మోశాయో కూడా రాయాలి. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఆ పుస్తకాలను చెదల నుంచీ చెమ్మ నుంచీ, అన్నిటికన్నా ముఖ్యంగా పై అంతస్తు వాళ్ళ నుంచీ కాపాడుకోవాలి. పై అంతస్తులో కుర్చీ ఊగితే కాలి కింద పెట్టుకోవడానికి పాత పుస్తకం కోసం మనిషిని పంపుతారు. ఆ వచ్చినవాడు ఆమె నోరు విన్నాక రెండోసారి రాడు.

ఆమె నోరు మామూలు నోరు కాదు. బట్టల కొట్టుకు సొంత టేపు తీసుకెళుతుంది. "నీ కర్ర అరిగిపోయిందయ్యా, దాంతో పాటు నీ సిగ్గూ అరిగింది" అని నలుగురిలో అనేస్తుంది. వేలెడు తక్కువైందని తలుపు రెక్కను వడ్రంగి చేత తిరిగి మోయించిన మనిషి. ఊళ్ళో ఆమెకు స్నేహితులు లేరు, కావాలని ఆమె అడగనూ లేదు. మనుషులు ఇవాళ ఒకటంటారు, రేపు ఒకటంటారు, అంకె మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉంటుందని ఆమె లెక్క. అది ఎంత తప్పు లెక్కో యాభై ఏడో ఏట తెలిసింది.

ఆమెకు ముందు ఆ కుర్చీలో పంతొమ్మిదేళ్ళు ఆమె భర్త కూర్చున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, పోయాక ఆయన గొప్పతనం ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఆయన కొలిస్తే నది కదలకుండా నిలబడేదని చెప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు. బతికుండగా ఆయన పెళ్ళాంతో పలికిన మాటల్లో సగం "నీకు తెలీదు", మిగతా సగం "నువ్వు ముట్టుకోకు". పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను ఒడ్డు మీద నిలబడి తాడు కొస పట్టుకోనివ్వలేదు. "నీ చేతిలో ఏది పడ్డా వంకరే" అనేవాడు. ఆయన జబ్బు చేసి పోతే, ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఆడమనిషి, తడి తాడు బరువు లాగలేదని పై ఆఫీసు వాళ్ళు కొత్తగా ఒక ఉక్కు టేపు కొనిచ్చారు. ఆయన జనపనార తాడును చుట్టచుట్టి గదిలో మేకుకు తగిలించారు. వచ్చినవాళ్ళు దాన్ని చూసి చెప్పులు విడవలేదు, అదొక్కటే తక్కువ.

మొదటి ఏడాది ఉక్కు టేపుతో పక్కపాయ కొలిస్తే యాభై నాలుగు మీటర్లు వచ్చింది. ఆయన కిందటేడు రాసింది అరవై ఒకటి. ఆమె మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ యాభై నాలుగే. మిగతా చోట్లా అలాగే తగ్గింది. ఆ ఏడు పెద్ద వరద వచ్చింది కాబట్టి మేట వేసి ఉంటుందని పై ఆఫీసు వాళ్ళు రాసి పెట్టారు. ఆమె నమ్మింది. అప్పట్లో ఊరంతా కూడా నమ్మింది, నమ్మనిది ఒక్కతే. ఆ ఒక్కతీ ఆమె ఆడపడుచు, పోనుపోను రేవంతటికీ తన మాట ఎక్కించింది కూడా ఆవిడే.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇక్కడ మొగుడు పోయినా ఆ అర్ధం మాత్రం గట్టిగా మిగిలింది. ఆడపడుచు మొగుడు ఒక్క పడవ మిగిల్చి ఎటో వెళ్ళిపోతే, ఆవిడ అన్నగారింటికి తిరిగొచ్చి, ఆ ఒక్క పడవను నాలుగు చేసింది. ఇటుకలూ పెంకులూ ధాన్యం బస్తాలూ వేసుకుని ఆ నాలుగు పడవలూ తిరిగేది ఆ పక్కపాయలోనే. అన్న పోయిన నెలకే ఇంటి నడి మధ్య గోడ లేపించింది. ఇల్లొకటే, వాకిళ్ళు రెండు. గోడ నాలుగంగుళాలే కావడంతో అటు తిట్టింది ఇటు పూర్తిగా వినిపిస్తుంది. వినిపించడానికే అంత పలచగా కట్టించిందని కొలతలమ్మ అనుమానం.

"మా అన్నయ్య ఉన్నన్నాళ్ళూ అరవై ఒకటి. ఈవిడ రాగానే యాభై నాలుగు. పాయ చిక్కిందా, ఈవిడ మనసు చిక్కిందా?" అని ఆడపడుచు గోడకు చెప్పేది.

"చిక్కింది నీ బుర్ర. మిగతా పది చోట్ల కూడా నా మనసే చిక్కిందా?" అని కొలతలమ్మ గోడకు జవాబిచ్చేది.

"నా మీద కోపంతో నది మొత్తాన్ని నరికేసే రకం నువ్వు!"

ఇలా పద్దెనిమిదేళ్ళు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అయినా ఇన్నాళ్ళూ అది నోటి గొడవే, దానివల్ల ఎవరి పొట్టా మాడలేదు. ఆ వేసవిలో మాడే రోజు వచ్చింది.

పడవలు తిరగదగ్గ దారుల జాబితా ఒకటుంది. ఇరవై ఏళ్ళకోసారి పై ఆఫీసు దాన్ని తిరగరాస్తుంది. పాత రికార్డు కన్నా వెడల్పు పదో వంతు తగ్గిన పాయ చచ్చిపోతున్న పాయ కింద లెక్క. దాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు, పాయ మొదట్లో ఉన్న ఇనప గేటు మూసేస్తారు. పెద్ద నది సంగతి వేరే, అది ఎంత తగ్గినా పడవలకు అడుగు తగలదు కాబట్టి దాన్నెవరూ కొట్టెయ్యరు. మిగతా పాయలు ఆ జాబితాలో లేనే లేవు. పక్కపాయ మాత్రం అరవై ఒకటి నుంచి యాభై నాలుగుకు పడింది. ఆఫీసు గోడకు నోటీసు అంటించారు, అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పుకోవాలని. గేటు పడితే ఆడపడుచు నాలుగు పడవలూ ఒడ్డెక్కి ఎండిపోవడమే. ఆ పడవల మీద ఇరవై రెండు మంది బతుకుతున్నారు.

నోటీసు చూసిన సాయంత్రం కొలతలమ్మకు సంతోషం వేసింది. దాచడమెందుకు, బాగా వేసింది. కూరలో ఉప్పు కూడా సరిగ్గా కుదిరింది. పొద్దున లేచి తలుపు తీస్తే గడప నిండా బురద. రేవు నుంచి తట్టల్లో మోసుకొచ్చి పోసి వెళ్ళారు. అది కడుక్కుంటూ ఉంటే సంతోషం కాస్తా పోయింది, కోపం ఒక్కటే మిగిలింది.

ఆడపడుచు అభ్యంతరం రాయించి పెద్ద ఆఫీసరు చేతిలో పెట్టింది. అందులో ఉన్నది ఒకటే మాట. వదిన లెక్కలు దొంగ లెక్కలు, మేకుకు వేలాడుతున్న అన్నయ్య తాడు దింపి, అందరి ముందూ ఆ తాడుతోనే పాయను కొలవాలి.

పెద్ద ఆఫీసరు సగం నిద్రలో ఉన్నట్టు మాట్లాడే మనిషి, కానీ మొండివాడు కాదు. "కొలిస్తే పోయేదేముందమ్మా. రెండింటితోనూ కొలవండి. ఆ టేపూ, ఈ తాడూ" అన్నాడు.

కొలిచే రోజున రేవు రేవంతా ఒడ్డు మీదే ఉంది. అవతలి రాతి దగ్గరకు తాడు చేర్చడానికి ముసలి సరంగు పడవ తీశాడు. ఒక కొస కొలతలమ్మ పట్టుకుంది, రెండో కొస పట్టుకుని ఆడపడుచు సరంగుతో పడవెక్కింది. పద్దెనిమిదేళ్ళు మేకు మీద ఎండిన తాడు నీళ్ళలో మెలికలు తిరుగుతూ వెళ్ళింది. మీటరుకో తెల్లగుడ్డ పీలిక, పదికో ఎర్రగుడ్డ పీలిక. అది బాగా నానేదాకా ఆఫీసరు ఆగమన్నాడు, ఎందుకంటే కొలతలమ్మ భర్త కాలంలోనూ ఒకటికి రెండుసార్లు లాగేసరికి తాడు తడిసి ముద్దయ్యేది. తరవాత బిగించి పట్టారు. కొలతలమ్మ దగ్గర నీటి అంచుకు తగిలిన పీలికను ఆఫీసరు స్వయంగా లెక్క చూశాడు.

"అరవై ఒకటి" అన్నాడు.

ఒడ్డంతా గోల. "దొంగముఖం!" అన్నారు. "పాయను మింగేసిన మనిషి!" అన్నారు. ఎవరో మట్టిగడ్డ విసిరితే అది ఆఫీసరు గొడుగుకు తగిలింది. అవతలి ఒడ్డు నుంచి ఆడపడుచు అరుపు నీళ్ళ మీదుగా వచ్చింది.

"విన్నావా వదినా? చెవులు చిల్లులు పడేలా విన్నావా? మా అన్నయ్య తాడు అబద్ధం చెప్పదు!"

కొలతలమ్మ తాడు కొస కింద పెట్టింది. ఉక్కు టేపు పంపింది. అదే రాయి, అదే అంచు, అదే గంట. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. యాభై నాలుగు. గోల కొంచెం సన్నగిల్లింది. ఒక్క పాయకు ఒకే పూట రెండు వెడల్పులు ఉండవని పడవవాళ్ళకూ తెలుసు.

అప్పుడామె తడితాడును ఒడ్డు మీద సాగదీసి పరిచి, పక్కనే టేపు పరిచింది. మొదటి ఎర్ర పీలిక టేపు మీద పది దగ్గర ఉండాలి. తొమ్మిది కూడా రాలేదు. రెండో ఎర్ర పీలిక పద్దెనిమిదికి ఇవతలే ఆగిపోయింది. పడవ దిగి వచ్చిన సరంగు వంగి తాడును చేత్తో పిండి చూశాడు. నీళ్ళు కారాయి.

"ఇది పొడి మీద గుర్తులు కట్టిన తాడమ్మా" అన్నాడు.

"అంటే?" అన్నాడు ఆఫీసరు.

"జనపనార నీళ్ళు తాగితే ముడుచుకుంటుందండీ. అందుకని కొత్త తాడు రాత్రంతా నానబెట్టి, తడి మీదే గుర్తులు కట్టాలి. మా తాతల నాటి పద్ధతి. పొడి మీద కడితే నదిలో దిగగానే గుర్తులన్నీ దగ్గరకొచ్చేస్తాయి. నీళ్ళ మీద ఎక్కువ పీలికలు పడతాయి. ఉన్న నది కన్నా పెద్ద నది కనిపిస్తుంది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"నాకు తెడ్డు తప్ప ఇంకేం ముట్టుకోనిచ్చాడండీ ఆయన?"

ఆఫీసరుకు మొదటిసారి నిద్ర మత్తు వదిలింది. "అయితే పాయ తగ్గనే లేదన్నమాట. అప్పుడూ యాభై నాలుగే, ఇప్పుడూ యాభై నాలుగే. తగ్గకపోతే కొట్టెయ్యడానికి కారణమే లేదు" అన్నాడు. పడవవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎగిరి గంతేసేలోపే ఆయన చెయ్యెత్తాడు. "కానీ పంతొమ్మిదేళ్ళ రికార్డు సరంగు చెప్పాడని కొట్టెయ్యలేను. మేకు మీద ఎండీ ఎండీ ఇప్పుడు ముడుచుకుంటోందని రేపు పైవాళ్ళు అంటారు. మొదటి రోజునే పొడి మీద కట్టారని రుజువు కావాలి. కట్టినవాళ్ళో, కడుతుంటే చూసినవాళ్ళో ఇద్దరు చెప్పాలి. ఎల్లుండి పదింటికి ఆఫీసులో."

పాయ బతికే దారి దొరికిందని ఆడపడుచు సంతోషించాలి. ఆవిడకు వినబడింది వేరే. "అంటే మా అన్నయ్య తప్పు కట్టాడంటారా? ఎవడన్నాడా మాట? నా పడవలు తగలబడినా నేనొప్పుకోను!" అంది. అన్నది అందరితోనే అయినా, చూపు మాత్రం వదిన ముఖం మీద ఎక్కువసేపు నిలవకుండా పక్కకు జారింది.

ఆ చూపు జారడంతోటే కొలతలమ్మకు గుర్తొచ్చింది.

పెళ్ళయిన మొదటి ఏడు. ఆయన ఎగువ గుర్తులు చూడటానికి వారం రోజులు వెళుతూ కొత్త తాడు చుట్ట ఆమె ముందు పడేశాడు. "తొట్టి నింపి దీన్ని రాత్రంతా నానెయ్యి. పొద్దున తడి మీదే మీటరుకో పీలిక కట్టు. నేనొచ్చేసరికి అయిపోవాలి" అన్నాడు. తొట్టి నిండాలంటే వీధి చివర నుంచి పన్నెండు బిందెలు మొయ్యాలి. ఆరు ఆమె మోసింది. మిగతా ఆరు ఆడపడుచు వంతు. అప్పటికి ఆ పిల్లకు పదహారేళ్ళు, అన్న గారాబం, అద్దం ముందు నుంచి లేవదు. "నువ్వొచ్చింది పని చెయ్యడానికే కదా, నువ్వే మొయ్యి" అంది. కొత్త కోడలికి తల నుంచి కాళ్ళ దాకా మండింది. "నా వంతు నేను మోశాను. నీ వంతు రాకపోతే తాడు ఇలాగే కడతాను, మీ అన్నయ్యకు నువ్వే చెప్పుకో" అంది. "కట్టుకో, నాకేం" అంది ఆ పిల్ల. ఆరు బిందెల నీళ్ళకు తాడు మునగదు. ఆ నీళ్ళను పెరట్లో పారబోసి, ఎండు తాడును వసారాలో పరిచి, కసికసిగా కొస నుంచి కొస దాకా పీలికలు కట్టేసింది. ఆ పిల్ల గడప మీద కూర్చుని కాళ్ళాడిస్తూ చూసింది. ఆయన వచ్చాక ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. విప్పితే ఇద్దరికీ చివాట్లే. ఆఫీసు సామాను గదిలో పొడిగా పరిచి చూస్తే నేల మీది ఇత్తడి మేకులకు పీలికలు అచ్చంగా సరిపోయాయి. సరిపోయాయని ముద్ర వేశారు. నిజానికి సరిపోకుండా ఉంటేనే అది మంచి తాడు, ఆ సంగతి ముద్ర వేసినవాడికి తెలీదు. ముద్ర పడ్డాక ఆయన మళ్ళీ చూడలేదు.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఇంకా పెద్ద విషయాల మీద పోట్లాడుకున్నారు, ఇంకా చిన్న విషయాల మీదా పోట్లాడుకున్నారు. ఆ నీళ్ళ గొడవ వాటి కింద పడి కనిపించకుండా పోయింది. తాను ఉక్కు టేపు పట్టిన రోజున కూడా ఆమెకు అది తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలీదు.

ఆ రెండు రోజులూ గోడ అవతల నుంచి ఒక్క మాట రాలేదు. గిన్నె చప్పుడు కూడా మెల్లగానే. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆడపడుచు. వచ్చి అడుగుతుందేమో చూద్దాం అనుకుంది కొలతలమ్మ. రాలేదు. తాను వెళ్ళి తలుపు తట్టే ప్రశ్నే లేదు, అంతకన్నా నదిలో దూకడం నయం.

నోరు మూసుకుంటే సరిపోతుంది. పాయ పోతుంది, గేటు పడుతుంది, పద్దెనిమిదేళ్ళు గోడ అవతల నుంచి తిట్టిన మనిషి పడవలు అమ్ముకుని ఎటన్నా పోతుంది. తన యాభై నాలుగు ఎలాగూ నిజమే. నోరు విప్పితే పాయ నిలుస్తుంది, శత్రువు నిలుస్తుంది, తన మీద మాత్రం పంతొమ్మిదేళ్ళ తప్పు వచ్చి పడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఇంత చిన్న బేరం ఎవరైనా తేల్చుకుంటారు. ఆమె తేల్చుకోలేకపోయింది. గదిలో కూర్చుని పాత పుస్తకం తెరిచింది. అరవై ఒకటి, అరవై ఒకటి, అరవైన్నర, అరవై ఒకటి. ఆయన గుండ్రటి దస్తూరీలో, ఒక్క కొట్టివేత లేకుండా. అన్నీ అబద్ధాలు. ఈ గదిలో ఉన్న అబద్ధాన్ని చెదలు పట్టకుండా పద్దెనిమిదేళ్ళు కాపాడింది తనే. దాన్ని భరించడం ఆమె వల్ల కాలేదు. ఇందులో ఆడపడుచు మీద జాలి లేదు, ఇరవై రెండు మంది మీద కూడా పెద్దగా లేదు. తప్పు అంకె ఒకటి ఒప్పు అంకె పక్కన దర్జాగా కూర్చుంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది, అంతే.

దానికి మించి ఇంకొకటి లోపల గుచ్చింది. ఆయన జన్మలో ఆమె చేతికిచ్చి, తిరిగి సరిచూడకుండా నమ్మిన పని ఆ ఒక్కటే.

చెప్పిన రోజు పదింటికి ఆఫీసరు గది కిక్కిరిసింది. కిటికీ చువ్వలు పట్టుకుని రేవువాళ్ళు వేలాడుతున్నారు. ఆడపడుచు ఒక మూల, చేతులు కట్టుకుని, ముఖం మాడ్చుకుని నిలబడింది.

"తాడుకు గుర్తులు కట్టినవాళ్ళెవరు?" అని అడిగాడు ఆఫీసరు.

"నేనే కట్టాను" అంది కొలతలమ్మ. "పొడి మీద కట్టాను. నానబెట్టి కట్టమని ఆయన చెప్పే వెళ్ళాడు. నానబెట్టలేదు."

కిటికీ దగ్గర తిట్లు మొదలయ్యాయి. "చూశారా, మొదటి నుంచీ ఈవిడే!" అని ఎవడో అన్నాడు. "పుణ్యాత్ముడి పేరు చెడగొట్టింది" అని ఇంకొకడు అందుకున్నాడు. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "నోళ్ళు ముయ్యండి, నేను ఇంకా చెప్పడం అవ్వలేదు" అంది. ఆ గొంతుకు ఆఫీసరు కూడా సర్దుకుని కూర్చున్నాడు.

"ఎందుకు నానబెట్టలేదమ్మా?"

"తొట్టికి పన్నెండు బిందెలు కావాలి. ఆరు నేను మోశాను. మిగతా ఆరు మొయ్యవలసిన మనిషి మొయ్యలేదు. నేను కోపంతో ఎండు తాడే కట్టాను. పక్కన కూర్చుని చూసింది కూడా ఆ మనిషే. మీకు రెండో సాక్షి కావాలన్నారుగా, అదిగో, ఆ మూల నిలబడి ఉంది."

గదిలో ఉన్న తలలన్నీ అటు తిరిగాయి. ఆడపడుచు ముఖం ఎర్రబడింది, తరవాత నల్లబడింది. కాదంటే ఇక రుజువు లేదు, గేటు పడిపోతుంది. అవునంటే అన్నయ్య పేరు మీద పద్దెనిమిదేళ్ళు తాను చేసిన ఊరేగింపు ఈ గదిలో ఆగిపోతుంది, వదిన మీద వేసిన ప్రతి నిందా తిరిగొచ్చి తన ఒళ్ళో పడుతుంది. సొంత పడవల మనుషులే కిటికీలోంచి చూస్తున్నారు. సరంగు తల దించుకున్నాడు.

"ఆవిడ చెప్పింది నిజమేనా?" అన్నాడు ఆఫీసరు. "చెప్పాలమ్మా. నిజమా, కాదా?"

కాదంటుందని కొలతలమ్మకు గట్టి నమ్మకం. ఆ మనిషిని ముప్పై ఏడేళ్ళుగా ఎరుగును.

"నిజమే" అంది ఆడపడుచు. పళ్ళు కొరుకుతూ అంది. "నీళ్ళు తెమ్మంది. తేనన్నాను. పొడి మీద కడుతుంటే చూశాను. మా అన్నయ్యకు తెలీదు, ఆయనకేం పాపం తెలీదు. రాసుకోండి." వదిన వైపు ఒక్కడుగు వేసింది. "నీకు నీళ్ళు మొయ్యడం ఏమిటి? ఇప్పుడడిగినా మొయ్యను!"

"ఇప్పుడు నిన్నెవరడిగారు?" అంది కొలతలమ్మ.

ఆఫీసరు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆడపడుచు ఎంత గట్టిగా నొక్కిందంటే పాళీ కాగితాన్ని చీల్చింది. జాబితాలో పక్కపాయ ఉండిపోయింది. కిటికీ దగ్గరివాళ్ళు ఆడపడుచును భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. కొలతలమ్మకు దారి ఇవ్వడానికి మాత్రం ఎవరూ జరగలేదు. మోచేతులతో పొడుచుకుంటూ ఆమే దారి చేసుకుని, మెట్లు దిగి తన గదికి వచ్చింది.

తప్పు అంకెను దిద్దడానికి ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పాతదాన్ని చెరపకూడదు. ఎర్రసిరాతో ఒక గీత కొట్టి, సరైనది పక్కన వేసి, తప్పు ఎందువల్ల జరిగిందో, ఎవరివల్ల జరిగిందో పేరుతో సహా రాయాలి. ఆమె ఆయన పుస్తకం మొదటి పేజీ తెరిచి, స్కేలు పెట్టి, గీత కొట్టింది. "తాడుకు పొడి మీద గుర్తులు కట్టడం వల్ల" అని రాసింది. ఎవరివల్ల అన్నచోట కలం ఆగింది. పంతొమ్మిదేళ్ళ ఆ పుస్తకంలో సరంగు పేరుంది, పడవల పేర్లున్నాయి, గొడుగు పట్టిన బంట్రోతు పేరు కూడా ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు రాసింది, పూర్తి పేరు. ఏడుపు వచ్చింది, కాగితం మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది. తరవాత రెండో ఏడాది పేజీ తిప్పింది. ఏడాదికి పదకొండు అంకెలు, ఇంకా పద్దెనిమిదేళ్ళున్నాయి.